వెదురు గొట్టంలో కాపురం

మేడ్చల్, శామీర్‌పేట అంటే పాతవాళ్లకు ద్రాక్షతోటలే గుర్తొస్తాయి. ద్రాక్షకు తేనెటీగలతో పెద్దగా పనిలేదు, దాని పూత తనంతట తానే కాయ కడుతుంది. బీర, కాకర అలా కాదు. ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. మధ్యలో పుప్పొడి మోస్తూ ఎవరో ఒకరు తిరగాలి.

తేనెటీగ అనగానే మనకు తుట్టె, పెట్టె, తేనె గుర్తొస్తాయి. తుట్టె కట్టని ఈగలు చాలా ఉన్నాయి. రాణి లేదు, కూలీలు లేరు. ప్రతి ఆడ ఈగా తన గూడు తానే కట్టుకుంటుంది. ఎండుకర్రను తొలిచే మన నల్ల తుమ్మెద ఆ జాతిదే. వంగ, టమాట పువ్వుల్లో పుప్పొడి సన్నని గొట్టాల్లో దాగి ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లు ఝుమ్మనిపిస్తే అది రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు.

నాకు ఎక్కువ ఇష్టమైనది ఆకు కత్తిరించే ఈగ. గులాబీ ఆకు అంచున గుండ్రంగా, కత్తెర పెట్టినట్టు ముక్క పోయి కనిపిస్తే చాలామంది మందు డబ్బా అందుకుంటారు. అది పురుగు కొట్టిన ఆకు కాదు. ఆ ముక్కలను గొట్టంలో పరిచి, పుప్పొడి ముద్ద పెట్టి, గుడ్డు పెట్టి, గది మూసి, పక్కన ఇంకో గది కడుతుంది ఆ తల్లి. ఆడపిల్లలు లోపలి గదుల్లో, మగపిల్లలు వాకిలి దగ్గర. మగవే ముందు బయటికొస్తాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో హైబ్రిడ్ కంది విత్తనం తయారు కావడానికి పుప్పొడి మోసిన ఈగల్లో ఇవి ముఖ్యమైనవి.

జపాన్‌లో ఆపిల్‌కు, అమెరికాలో బాదం, చెర్రీలకు ఒస్మియా అనే ఒంటరి ఈగను గొట్టాల్లో పెంచి పూతవేళకు వదులుతారు. దానికి గట్టి చలికాలం కావాలి. దాన్ని దక్కన్ ఎండకు తేవడం దండగ. మనవాటికి చోటిస్తే చాలు.

మామిడి పూతకు ముందే, ఒకవైపు కణుపుతో మూసుకున్న వెదురు ముక్కలను కట్ట కట్టండి. చిటికెనవేలు పట్టేంత రంధ్రం నుంచి ఇంకా సన్నవి కలపండి. వాన తగలని చూరు కింద, పొద్దుటి ఎండ పడేలా కదలకుండా బిగించండి. కట్టను బిగించిన ఇనుప తీగకు గ్రీజు రాస్తే చీమలు రావు. చాలా ఈగలు నేలలోనే గూడు పెడతాయి కాబట్టి ఒక గట్టునైనా దున్నకుండా వదలండి. రియల్ ఎస్టేట్ వెంచర్లు ముందుగా మింగేది ఆ గట్లనే, అదే నా బాధ. పూత మీద మందు కొట్టొద్దు. తప్పదంటే ఈగలు తిరగని సాయంత్రం కొట్టండి, కానీ బీర పూసేది ఆ వేళకే. పిల్లలు ఎగిరిపోయిన పాత గొట్టాలను తీసేసి కొత్తవి పెట్టండి, లేకపోతే నల్లులు (మైట్లు), పరాన్నజీవులు చేరతాయి.