ఇంటి చిలుకయు మాటవిను యంత్రమును: గృహరహస్య, ప్రయోజనముల తారతమ్య విచారము

పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున బ్రహ్మ సరస్వతికి ఏకాంతమున చెప్పిన కథను వారి ఇంటి చిలుక విన్నది. వినుట ఆ పక్షి చేసిన నేరము కాదు. ఇంట పెరుగు పక్షికి ఇంటి మాట చెవిని బడక మానదు. అయినను ఆ మాట ఆ గదిలో నిలువలేదు. ఆ చిలుకయే మధురలాలసగా జన్మించి, పసితనముననే పూర్వజన్మ స్మృతితో ఆ విషయములను పలికినది. ఏకాంతమున నాడిన మాట మరియొక కాలమున, మరియొక చోట, ఆడినవారి అనుమతి లేకయే బయటపడవచ్చునన్న సత్యమును సూరన ఒక కథానిర్వాహక సాధనముగా వాడుకొనెను. నేడది ఇంటింటి సమస్యయైనది.

మాటలాడు పక్షి మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో చిలుకయు, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో హంసయు కథలు చెప్పి ఇల్లాలిని గడప దాటనీయవు. ఈ కథాచక్రమే పారసీకమున నఖ్షబీ చేతిలో 14వ శతాబ్దమున తూతీనామా అయినది. గోలకొండ ఆస్థానకవి గవ్వాసి 1639లో దానిని దక్కనీ భాషలోనికి తెచ్చెను. పారసీక కథలో గోరువంక ఇల్లాలికి సూటిగా నీతి చెప్పి ప్రాణము పోగొట్టుకొన్నది; చిలుక ఇంపుగా కథ చెప్పి నిలిచినది. ఇంటివారికి ప్రియముగా మాటలాడు కావలివానిని ఎవరును అనుమానింపరని ఈ కథల తాత్పర్యము. అయితే ఈ కథలలోని పక్షులకు యజమాని ఒక్కడే. అది వినినది ఆ ఇంటి కొరకే, పలికినదియు ఆ ఇంటి కొరకే.

నేటి మాటవిను యంత్రమునకు యజమానులు ఇద్దరు: వెల యిచ్చి కొన్న గృహస్థుడొకడు, దానిని నిర్మించి దూరమునుండి నడుపు సంస్థ యొకటి. విచారమంతయు ఈ భేదముపై ఆధారపడియున్నది.

ఈ యంత్రముల చరిత్ర చిన్నది. ఆపిల్ సంస్థ సిరి 2011లోను, అమెజాన్ సంస్థ అలెక్సా 2014లోను వెలువడినవి. అలెక్సాతో పలుకు ఎకో పెట్టెలు 2017లో భారతదేశమునకు వచ్చినవి. ఆ యేటనే గూగుల్ తన మాటతో వెదకు సౌకర్యమును తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ మున్నగు భాషలకు విస్తరించినది. నిరంతరము తెరచియుండు చెవి ఒకటి, పిలుపుమాట వినినంతనే మేల్కొని పలుకును పట్టుట, పట్టిన ధ్వనిని దూరపు గణనయంత్రములకు పంపుట, అచ్చట అక్షరములుగా మార్చి భావము గ్రహించి బదులు పంపుట: సామాన్యముగా ఇదియే క్రమము. పిలుపుమాటను ఇంటిలోని పెట్టెయే గుర్తించును. తక్కిన పనిలో పెక్కుభాగము బయట జరుగును.

దీని మంచిచెడ్డలను తూచుటకు బీదరు జిల్లాలోని జనవాడవంటి ఊరు తగిన త్రాసు. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఈ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములోనిది. పిదప మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. సరిహద్దులు మారినను నాలుకలు మారలేదు. తెలుగు, కన్నడము, మరాఠీ, దక్కనీ ఉర్దూ ఇచ్చట ఒకదానినొకటి ఒరసికొని బ్రతుకుచున్నవి. అట్టి ఊరిలోని ఒక తెలుగు ఇంటిని ఊహింపవచ్చును. అవ్వ తెలుగు తప్ప చదువ నేర్వదు. తెలుగు అక్షరములును ఇప్పుడు కంటికి ఆనవు. మనుమడు బడిలో కన్నడము చదువును. ఇంటి పెద్ద అంగడిలో దక్కనీ మాటలాడి, కచేరీ కాగితము కన్నడమున వ్రాయించి, ఇంటికి వచ్చి తెలుగున కష్టసుఖములు చెప్పుకొనును. ఒకే వాక్యమున మూడు భాషలు దొర్లుట ఇచ్చట వింత కాదు.

ఈ ఇంటికి మాటవిను యంత్రము చేయగల మేలును తక్కువగా ఎంచుట అన్యాయము. అక్షరము రానివారికి, చూపు లేనివారికి, చేతివణకు గలవారికి ఇది విలాసవస్తువు కాదు. ఇంతవరకు మూసియున్న తలుపు తెరచుకొనుట. మందు వేళను గుర్తుచేయుట, దూరముననున్న కూతురికి ఫోను కలుపుట, వాన వచ్చునో రాదో చెప్పుట అవ్వకు నిజమైన స్వాతంత్ర్యము. 2023 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కిసాన్ ఈ-మిత్ర, రైతు సహాయనిధి గూర్చిన ప్రశ్నలకు బదులిచ్చు సాధనము. పిదప తెలుగు మున్నగు భాషలకు విస్తరించినది. దరఖాస్తు ఏమైనదో తెలిసికొనుటకు మరియొకని బ్రతిమాలవలసిన పని తప్పుట ఒక విధమైన గోప్యతయే. ఉత్తరము చదివి పెట్టుమని పొరుగువానిని అడిగిన కాలమున పొరుగువానికి తెలియని రహస్యము ఉండెడిది కాదు గదా! యంత్రము కొందరికి గోప్యతను హరించుచున్నదనుట ఎంత నిజమో, కొందరికి ఇచ్చుచున్నదనుటయు అంత నిజము.

ఈ మేలును చూపి యంత్రపక్షమువారు మూడు వాదములు చేయుదురు. దాచవలసినది లేనివానికి భయమేలయనునది మొదటిది. పిలిచినగాని యంత్రము వినదనునది రెండవది. ఇండ్ల మాటలు వినకున్న యంత్రమునకు తెలుగు ఎట్లు అబ్బుననునది మూడవది.

రెండవ వాదమును అనుభవము ఖండించినది. 2018లో అమెరికా దేశపు పోర్ట్‌లండు నగరమున దంపతుల సంభాషణ ఒకటి వారికి తెలియకుండ పరిచితుడొకనికి చేరినది. వెనుకమాటలలో ఒకదానిని యంత్రము తన పేరుగా భ్రమించి మేల్కొన్నదనియు, మరియొక మాటను సందేశము పంపుమను ఆజ్ఞగాను, వేరొక మాటను చేరవలసినవాని పేరుగాను, ఇంకొక మాటను సమ్మతిగాను తలచినదనియు అమెజాన్ సంస్థయే వివరించినది. నాలుగు పొరపాట్లు వరుసగా కలిసి ఒక ద్రోహమైనవి. అందెవ్వరి దురుద్దేశమును లేదు. 2019 ఏప్రిల్‌లో అలెక్సా ధ్వనిముద్రణలను ఉద్యోగులు వినుచున్నారని వార్త వెలువడినది. అట్లు వినువారు ఉన్న దేశములలో భారతదేశము ఒకటి. ఆ యేడు జూలైలో బెల్జియము దేశపు వార్తాసంస్థయొకటి గూగుల్ ధ్వనిముద్రణలు వేయింటికి పైగా విని, అందు 153 పిలుపులేకయే పట్టినవని ప్రకటించెను. తాము మనుష్యులచేత వినిపించునది నూటికి 0.2 వంతు మాత్రమేనని ఆ సంస్థ బదులు చెప్పినది. శాతము చిన్నదే. కాని వినబడినది తన ఇంటి ఏడ్పైనవానికి శాతముతో ఊరట కలుగదు.

పెద్దల సంగతి యట్లుండ, పిల్లల గొంతులను తొలగింపక నిలువ ఉంచినదన్న అభియోగముపై 2023లో అమెజాన్ 2.5 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. సిరి అకారణముగా మేల్కొని వినినదన్న వ్యాజ్యమున ఆపిల్ సంస్థ దోషము నంగీకరింపకయే 9.5 కోట్ల డాలర్లకు రాజీపడుట 2025 జనవరిలో బయటపడినది. కొన్ని ఎకో పెట్టెలలో ధ్వనిని బయటికి పంపకుండ ఇంటనే గ్రహించు వీలుండెడిది. ఆ వీలును 2025 మార్చి 28న తొలగించిరి. గృహస్థుడు కొన్ననాటి ఒడంబడిక తరువాత ఏకపక్షముగా మారవచ్చుననుటకు ఇది నిదర్శనము. రెండవ యజమాని మాటయే చెల్లినది.

మొదటి వాదమునకు సమాధానము జనవాడ ఇంటిలోనే దొరకును. ఇంట రహస్యమనగా పాపము కాదు. పిల్ల పెండ్లికి ఎంత ఇచ్చుకొనగలమో, పొలము కుదువ పెట్టవలెనో వద్దో, వదినకు వచ్చిన జబ్బేమో: ఇవన్నియు న్యాయమైన మాటలే, బయటికి పోరాని మాటలే. పైగా అవి ఒక్కరివి కావు. యంత్రము కొన్నవాడు సమ్మతించెనే కాని, అరుగుపై కూర్చున్న పొరుగువాడు, పురిటికి వచ్చిన ఆడపడుచు, అంట్లు తోమ వచ్చిన పనిమనిషి సమ్మతింపలేదు. ఫోను వ్యక్తి వెంట పోవును. పలుకుపెట్టె గదిలో ఉండును. గదిలోనికి వచ్చినవారందరి తరఫున ఒక్కడు అంగీకారమీయజాలడు.

ఇచ్చటనే మిశ్రభాషా ప్రాంతమునకు ప్రత్యేకమైన మరియొక చిక్కు కలదు. యంత్రము బాగుగా నేర్చిన భాష మాటలాడువాడు తక్కువ తప్పులతో పని చేయించుకొనును. తెలుగు, కన్నడము, దక్కనీ కలిపి పలుకువాడు ఒకే కోరికను మూడుమార్లు చెప్పవలెను; మూడుమార్లును ధ్వని బయటికి పోవును. తప్పులను దిద్దుటకే మనుష్యుల చెవులు కావలసినప్పుడు, తప్పులు ఎక్కువగా వచ్చు పలుకుపైననే ఆ చెవులు ఎక్కువగా వాలుట సహజము. ఫలము తక్కువ, మూల్యము ఎక్కువ. ప్రయోజనమును గోప్యతతో తూచునప్పుడు అందరికి ఒకే తూకము చెల్లదనుటకు ఇది కారణము.

న్యాయస్థానములును ఈ విషయమున ఒకే మాటపై నిలువలేదు. భార్య ఫోను సంభాషణలను భర్త రహస్యముగా ముద్రించిన వ్యాజ్యమున, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పని గోప్యతాభంగమని, ఆ ముద్రణ సాక్ష్యముగా చెల్లదని చెప్పినది. ఆ తీర్పు 2008 నాటి సంపుటములలో ప్రకటితము. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యమున 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. అయినను 2025 జూలైలో అదే న్యాయస్థానము, దంపతులలో ఒకరు రహస్యముగా ముద్రించిన సంభాషణను వివాహవ్యాజ్యమున సాక్ష్యముగా గ్రహింపవచ్చునని తీర్పు చెప్పినది. మాట ఒకమారు ముద్రితమైన పిదప దాని గతిని ఆడినవారు నిర్ణయింపలేరని దీని వలన తేలుచున్నది. కావున రక్షణము ముద్రణకు ముందే ఉండవలెను.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఒక మంచి నియమము చేసినది: అంగీకారము కోరు పత్రమును ఆంగ్లమునగాని, రాజ్యాంగ ఎనిమిదవ అనుబంధములోని ఏ భాషయందుగాని చదువుకొను వీలు ఈయవలెను. బీదరు ప్రాంతపు నాలుగు పలుకులలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ అను నాలుగు పేర్లును ఆ అనుబంధమున ఉన్నవి. 2025 నవంబరులో వెలువడిన నియమావళి ప్రకారము అంగీకార విధులు 18 నెలల పిదప అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. కాని చదువరాని అవ్వకు తెలుగు పత్రమైనను పత్రమే. మాటతో పని చేయు యంత్రము తన షరతులను గూడ మాటతోనే వినిపింపవలెనని కోరుట అత్యాశ కాదు. గృహస్థుడు సొంత అవసరమునకు చేయు పనికి ఈ చట్టము వర్తింపదు. అతిథికి తెలియజేయు భారము చట్టముకంటె మర్యాదపైననే నిలిచినది.

మూడవ వాదము మిగిలినది. ఇండ్లపై చెవియొగ్గకయే భాషను యంత్రమునకు నేర్పవచ్చుననుటకు దేశముననే దృష్టాంతములు కలవు. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థ గూగుల్ తోడ్పాటుతో చేపట్టిన వాణి ప్రణాళిక జిల్లాలవారీగా జనుల పలుకులను సేకరించుచున్నది. మద్రాసు ఐ.ఐ.టి.లోని ఏఐ4భారత్ బృందము 2024లో ప్రకటించిన ఇండిక్‌వాయిసెస్‌లో రాజ్యాంగము గుర్తించిన 22 భాషల పలుకులు కలవు. ఇచ్చట మాటలాడువానికి తాను మాటలాడుచున్నది ఎందులకో తెలియును. ఇచ్చిన మాట వేరు, పట్టుకొన్న మాట వేరు. మిశ్రభాషా ప్రాంతముల తెలుగు ఇట్టి నిధులలో చేరుటకు తెలుగు సంఘములు పూనుకొనుట, ఆ ప్రాంతపు పలుకునకు న్యాయము చేయు మార్గము.

సారాంశమిది. ఈ యంత్రమున ప్రయోజనము మాటలో ఉన్నది. హాని ఎడతెగని వినికిడిలో ఉన్నది. ఈ రెంటిని లోకము ఒకే ముడిగా చూచుచున్నది గాని, అవి విడదీయరానివి కావు. మీట నొక్కి మాటలాడి, పని తీరగానే చెవి మూయు ఫోను, అవ్వ కోరిన పనులలో పెక్కింటిని తీర్చగలదు. ఆ మాటయు బయటికి పోవునదే. కాని అది అవ్వ తెలిసి పంపిన మాట, పంపినది అవ్వ మాట మాత్రమే. చేయి కదలనివారికి, చూపు బొత్తిగా లేనివారికి పిలుపుతో మేల్కొను పెట్టె అవసరము కావచ్చును. అట్టి ఇంట దానికి ఒక గది ఏర్పరచుట, పడకటింటను నలుగురు చేరు చావడిలోను ఉంచకుండుట, వచ్చినవారికి చెప్పుట, నిలువయున్న ముద్రణలను అప్పుడప్పుడు తుడిచివేయుట యుక్తము. కేవలము వేడుకకై ఇల్లంతటిని వినిపించుట మాత్రము లాభసాటి బేరము కాదు.

శుకసప్తతి చిలుక ఇల్లాలిని గడప దాటకుండ కాచినది. నేటి చిలుక గడప దాటకుండ కావలసినది ఇల్లాలి మాటను. ఆ కావలి యంత్రమునకు అప్పగింపదగినది కాదు, ఇంటివారే చేయవలసినది.