లూటీసొమ్ము – సమబలము: అంతర్జాల తుపాకి క్రీడలపై ఒక పరిశీలనము

అంతర్జాలముద్వారా పలువురు పోటీపడి ఆడు తుపాకి క్రీడలలో బహుమానము రెండు విధములు. ఒకటి ఆటలో లభించి ఆటతోనే నశించునది. రెండవది ఆట ముగిసిన పిమ్మటను ఆటగాని వెంట వచ్చునది. రెంటికిని లూట్ అను ఒక్కటే పేరు చెల్లుచుండుటచే విమర్శ తరచు దారితప్పుచున్నది. (ఆ ఆంగ్లపదము హిందీనుండి పోయినదే, మన లూటీయు దాని చుట్టమే.) సమబలమునకు మొదటిది తోడ్పడగలదు, రెండవది సామాన్యముగా దానిని చెరచును.

మొదటి విధమునకు కౌంటర్-స్ట్రైక్ ఉత్తమోదాహరణము. 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ అనువారు హాఫ్-లైఫ్ క్రీడకు అనుబంధముగా కల్పించిన ఈ ఆటను వాల్వ్ సంస్థ 2000లో స్వతంత్రముగా వెలువరించినది. పోటీ ఆరంభమున ఒక్కొక్కనికి 800 డాలర్ల కల్పితధనము. ఏకే-47 వెల 2,700. దూరపు గురికి వాడు ఏడబ్ల్యూపీ వెల 4,750. ఇందలి సూక్ష్మము వెలలలో కాదు, కూలిలో కలదు. ఒక్క గుండుతో శత్రువును కూల్చగల ఏడబ్ల్యూపీకి దక్కునది 100 డాలర్లే; ఏకే-47కు 300; బలహీనములైన చిన్న యంత్రపు తుపాకులలో పెక్కింటికి 600; కత్తితో చేరువకు పోయి పొడిచిన సాహసికి 1,500. వరుసగా ఓడిన పక్షమునకు భృతి 3,400 వరకు పెరుగును. కూలినవాని తుపాకిని ఎవరైనను గైకొనవచ్చును గనుక, ఓటమి తప్పదని తోచినపుడు పోరు మాని ఆయుధముతో దాగుటయు ఒక విద్యయే అయినది. సగమాట ముగియగానే ఈ సంపదయంతయు తుడిచిపెట్టుకొని పోవును. ఇరుపక్షముల ఆయుధములు ఒక్కటి కావు. పులిజూదములో మూడు పులులకు పదునైదు మేకలు సరితూగినట్లు, ఇచటను సమత్వము వేరు, సమబలము వేరు.

ఇందుకు విరుద్ధమైనది ఈ.ఏ. సంస్థ 2017 నవంబరులో వెలువరించిన స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్-2. ఇందు పెట్టెలు తెరచినచో లభించు నక్షత్రపత్రములు ఆటగాని శక్తులను పెంచి, ఆటనుండి ఆటకు వెంట వచ్చును. పెట్టెలను అసలు ధనముతో కొనవచ్చునని ఏర్పాటు. ఇక ఓడినవాడు గురి దిద్దుకొనవలెనా, సంచి విప్పవలెనా? ఆగ్రహము చెలరేగగా డార్త్ వేడర్ పాత్ర వెలను 60,000 కల్పితనాణెములనుండి 15,000కు తగ్గించిరి. విడుదలకు ముందే ధనముతో కొనుటను నిలిపిరి. 2018 మార్చిలో పత్రములు ఆడుటవలననే లభించునట్లు మార్చిరి. మరమ్మతు మంచిదే. కాని చిరకాలము ఆడినవాని పత్రబలము క్రొత్తవానిపై పడుట మానలేదు; ధనికుని స్థానమున తీరికగలవాడు నిలిచెను.

వాల్వ్ సంస్థయు 2013 ఆగస్టులో కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్‌లో పెట్టెలు ప్రవేశపెట్టినది, తాళపుచెవి వెల 2.49 అసలు డాలర్లు. లభించునది అలంకారము మాత్రమే, గుండు వేగము మారదు. 2019లో వచ్చిన క్రొత్త వేషములలో కొన్ని పరిసరముల రంగులో కలిసి కంటికి ఆనవని ఆటగాండ్రు మొరపెట్టిరి. అలంకారమును పూర్తిగా నిరపరాధి యనరాదు. అయినను పోరు మొత్తముమీద చెడలేదు. చెడినది వేరొకచోట: రంగుకొరకు లాటరీ.

2018 ఏప్రిల్‌లో బెల్జియము జూద నియంత్రణ సంఘము దోషులుగా నిర్ణయించిన క్రీడలలో ఈ ఆట ఉన్నది. అప్పటికే పెట్టెల అమ్మకము మానిన బ్యాటిల్‌ఫ్రంట్-2 లేదు. సమబలమును చెరచినది తప్పించుకొనెను, కాపాడినది పట్టుబడెను. తీర్పు అన్యాయము కాదు, చట్టము చూచినది జూదమునే గాని క్రీడాధర్మమును కాదు. ఆ పిదప వాల్వ్ సంస్థ ఆ దేశపు ఆటగాండ్రకు పెట్టెలు తెరచు వీలు తొలగించినది. అందువలన వారి గురికిగాని గెలుపునకుగాని లోటేమియు కలుగలేదు.