సౌర క్రియాశీలతలో అర్ధగోళ అసౌష్ఠవం: సార్థకతా పరీక్షలు – విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సూర్యుని మధ్యరేఖకు ఉత్తర, దక్షిణ భాగాలలో మచ్చలు ఎల్లప్పుడూ సమసంఖ్యలో ఏర్పడవు. ఈ హెచ్చుతగ్గులనే అర్ధగోళ అసౌష్ఠవం అంటారు. ఉత్తర, దక్షిణ సంఖ్యల భేదాన్ని వాటి మొత్తంతో భాగించి దీని సూచికను గణించడం పరిపాటి. ఆ భేదం సూర్యగర్భంలోని అయస్కాంత ప్రక్రియల ఫలితమా, కేవలం యాదృచ్ఛికమా అని నిర్ణయించేందుకు సాంఖ్యక సార్థకతా పరీక్షలు ఉపయోగపడతాయి. వాటి పూర్వభావనలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ద్విపద పరీక్ష

విరివిగా వాడే ద్విపద పరీక్ష ప్రతి మచ్చల సమూహాన్నీ ఒక నాణెపు ఎగురవేతగా భావిస్తుంది. ఉత్తరాన 60, దక్షిణాన 40 సమూహాలుంటే సూచిక 0.2. ఇంతటి లేదా ఇంతకు మించిన భేదం ఏదో ఒక వైపుకు యాదృచ్ఛికంగా ఏర్పడే సంభావ్యత సుమారు 5.7 శాతం. 5 శాతం హద్దును పాటిస్తే ఇది సార్థకం కాదు. క్రియాశీలత సన్నగిల్లిన కాలంలో 3, 1 చొప్పున సమూహాలుంటే సూచిక 0.5కు పెరుగుతుంది, సంభావ్యత మాత్రం 62.5 శాతం. కనుక సూచిక పరిమాణం ఒక్కటే ప్రమాణం కాజాలదు.

3. స్వతంత్రత సమస్య

ఈ పరీక్షకు ఘటనల పరస్పర స్వతంత్రత ప్రాణం. సూర్యుని మచ్చల సమూహమో రోజులు, ఒక్కోసారి వారాలు నిలుస్తుంది. పై 100 సమూహాలను పదేసి రోజులు లెక్కిస్తే 600, 400 అవుతాయి. సూచిక మారదు, సంభావ్యత మాత్రం వందకోట్లలో ఒక వంతుకన్నా దిగువకు పడిపోతుంది. ఇక్కడ మారింది సూర్యుడు కాదు, లెక్కించిన పద్ధతి.

మచ్చల వైశాల్యం విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. వైశాల్యం కొలత, గణనసంఖ్య కాదు. ప్రమాణాన్ని మారిస్తే అంకె మారుతుంది, దానితోపాటు సార్థకతా మారుతుంది. దత్తాంశ స్వభావానికి తగిన పరీక్షను ఎంచుకోవలసిన అవసరాన్ని 2007లో కార్బొనెల్ బృందం చర్చకు తెచ్చింది. ఇక నూరేళ్ల దత్తాంశాన్ని ఏటికేడు పరీక్షిస్తే, అసౌష్ఠవం లేకున్నా దాదాపు ఐదేళ్లు సార్థకంగా తోచడం సహజం. వాటినే ఏరి చూపడం నిరూపణ కాదు.

4. కొనసాగింపు అనే సాక్ష్యం

అయితే అసౌష్ఠవమే భ్రమ అనడం తొందరపాటు. మాండర్ కనిష్ఠం (1645–1715) చివరి దశాబ్దాలలో కనిపించిన కొద్ది మచ్చలు దాదాపుగా దక్షిణార్ధగోళానికే పరిమితమయ్యాయి. 24వ సౌరచక్రంలో ఉత్తరార్ధగోళం 2011లోనూ, దక్షిణార్ధగోళం 2014లోనూ గరిష్ఠానికి చేరాయి. ఒకే వైపు ఏళ్ల తరబడి ఆధిక్యం కొనసాగడం ద్విపద పరీక్ష పునాదిని దెబ్బతీస్తుంది. అదే సమయంలో రెండు అర్ధగోళాల అయస్కాంత ప్రక్రియలు కొంతమేర విడివిడిగా సాగుతున్నాయని సూచిస్తుంది. పరీక్షకు దోషమైనది భౌతికశాస్త్రానికి ఆధారమవుతున్నది.

కాబట్టి విడి మచ్చను గాక, దీర్ఘ కాలఖండాన్ని ప్రమాణంగా స్వీకరించి, ఆ ఖండాలలో ఉత్తర, దక్షిణ గుర్తులను యాదృచ్ఛికంగా తారుమారు చేసి పోల్చడం సముచితం. దీనికీ పరిమితి ఉంది. గ్రీనిచ్ నమోదులు 1874లో మొదలయ్యాయి; అప్పటి నుంచి గడిచిన చక్రాలు పదమూడు, పద్నాలుగుకు మించవు. వేల మచ్చలున్నా స్వతంత్ర సాక్ష్యాలు కొన్నే.

5. ఉపసంహారం

అసౌష్ఠవం ఉన్నదా అన్న ప్రశ్నకన్నా, దేనిని ఒక స్వతంత్ర ఘటనగా లెక్కిస్తున్నామన్న ప్రశ్న ముందు తేలాలి. ఆ వివరణ లేని సార్థకతా శాతం, ఎంత సూక్ష్మంగా ఉన్నా, సూర్యుని గురించి కన్నా పరిశోధకుని ఎంపిక గురించే ఎక్కువ చెబుతుంది.