పది అంకెల వెనక పనితనం

నాన్న పేరుమీద తీసుకున్న సిమ్ కూతురి ఫోన్‌లో ఉంటుంది. ఆఫీసు ఇచ్చిన నంబరే ఏళ్లు గడిచేసరికి ఉద్యోగికి సొంత నంబరైపోతుంది. మన ఇళ్లలో ఇది మామూలే. ఎప్పుడో ఒకరోజు ఆ నంబరును వాడేవాళ్ల పేరుకు మార్చుకోవాలనిపిస్తుంది, పనిలో పనిగా సిగ్నల్ బాగా వచ్చే కంపెనీకి మారిపోతే బాగుండుననీ అనిపిస్తుంది. ఆ పది అంకెల చుట్టూ ఎంత ఓపికగా అల్లిన ఏర్పాటు ఉందో అప్పుడు తెలుస్తుంది. నంబరుకు రెండు ముడులున్నాయి: ఒకటి కంపెనీతో, ఒకటి మనిషితో. దేన్నయినా విప్పుకోవచ్చు కానీ, రెండూ ఒకేసారి విప్పడానికి వీల్లేదు. ఈ పనిలో నన్ను కట్టిపడేసింది ఆ ఒక్క నియమమే.

ముందు యంత్రం సంగతి. మన నంబరు సిమ్ కార్డులో ఉంటుందనుకుంటాం. నెట్‌వర్క్ సిమ్‌ను గుర్తుపట్టేది ఆ నంబరుతో కాదు. సిమ్‌లో ఉండేది మనకు కనబడని మరో సంఖ్య, సాధారణంగా 15 అంకెలు. మన దేశపు సిమ్‌లలో అది 404తోనో 405తోనో మొదలవుతుంది. ఆ సంఖ్యకు, మనం నలుగురికీ చెప్పుకునే పది అంకెలకు జత కుదిర్చేది కంపెనీ దగ్గరి రిజిస్టరు. అందుకే సిమ్ పోయినా నంబరు పోదు. నంబరంటే వస్తువు కాదు, నమోదు. నంబరు మారకుండా కంపెనీ మారడం సాధ్యమైందంటే సిమ్‌కూ నంబరుకూ మధ్య ఉన్న ఆ విడదీత వల్లే.

ఒకప్పుడు 9848 చూస్తే ఐడియా, 9849 చూస్తే ఎయిర్‌టెల్, 9440 చూస్తే బీఎస్‌ఎన్‌ఎల్ అని ఇట్టే చెప్పేవాళ్లం. కాల్‌ను ఎటు పంపాలో ఎక్స్ఛేంజీలు కూడా ఆ మొదటి అంకెలను బట్టే తేల్చేవి. 2010 నవంబరు 25న హర్యానాలో, 2011 జనవరి 20న దేశమంతటా పోర్టింగ్, అంటే అదే నంబరుతో కంపెనీ మారే ఏర్పాటు, మొదలయ్యాక ఆ గుర్తులు నమ్మదగ్గవి కాకుండా పోయాయి. ఇప్పుడు మనం నంబరు నొక్కగానే, అవతల మోగడానికి ముందే, మన కంపెనీ ఒక పట్టిక తిరగేసి ఈ నంబరు ఇవాళ ఎవరి దగ్గరుందో చూసుకుంటుంది. దాన్ని బట్టి దారి చూపే సంఖ్యను ముందు తగిలించి కాల్‌ను పంపుతుంది. నంబరు పోర్ట్ అయిన ప్రతిసారీ ఆ సంగతి అన్ని కంపెనీల పట్టికల్లోకీ చేరాలి. ఒక్కచోట తప్పిందంటే అక్కడినుంచి వచ్చే కాల్ దారి తప్పినట్టే. ఇంత వెతుకులాట రెప్పపాటులో జరిగిపోతుంది, ఫోన్ చేసినవాళ్లకు దాని ఊసే తెలియదు. చేసినట్టు కనబడకుండా చేయడమే ఇక్కడి గొప్ప.

ఇక పోర్టింగ్‌కు కావాల్సిన కోడ్ సంగతి. నంబరున్న ఫోన్ నుంచే ‘పోర్ట్’ అని ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ వదిలి, నంబరు రాసి 1900కు పంపాలి. యూపీసీ అనే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల సంగతి వదిలేస్తే దాని ఆయుష్షు నాలుగు రోజులు. ఈ చిన్న సందేశంలో ఎంతో ఆలోచన ఉంది. ఆ ఫోన్ నుంచే పంపాలి కాబట్టి సిమ్ చేతిలో ఉన్నట్టు రుజువవుతుంది. కొత్త కంపెనీ కౌంటర్ దగ్గర గుర్తింపు చూపి, ఫొటో దిగాలి కాబట్టి మనిషి ఎవరో తేలుతుంది. ఏ ఒక్కటీ చాలదు, రెండూ కావాలి.

అయితే మొదట్లో ఇందులో ఒక లోపం ఉండేది. కోడ్ ఇచ్చేది పాత కంపెనీయే, ఆ తరవాత బాకీ ఉందనో మరొకటనో దరఖాస్తును తిప్పికొట్టేదీ పాత కంపెనీయే. ఖాతాదారుణ్ని పోగొట్టుకునేవాడి చేతిలోనే తాళం ఉండేది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీన్ని సరిచేసిన తీరు చూడండి. 2019 డిసెంబరు 16 నుంచి కోడ్‌ను తయారుచేసే పని పోర్టింగ్ సేవలు చూసే మధ్యవర్తి సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ ముందే పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది: ప్రస్తుత నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండాయా, పోస్ట్‌పెయిడ్ బాకీ తీరిందా, కోర్టు అడ్డేమైనా ఉందా, పేరు మార్పు దరఖాస్తు నడుస్తోందా. అన్నీ సవ్యంగా ఉంటేనే కోడ్ పుడుతుంది. కాదనేదేదో గుమ్మంలోనే చెప్పేస్తారు. కోడ్ వచ్చి, దరఖాస్తు పెడితే ఒకే సర్కిల్‌లో మూడు పనిదినాలు, వేరే సర్కిల్‌కు అయిదు. రాష్ట్రం విడిపోయినా ఆంధ్ర, తెలంగాణ ఇంకా ఒకే టెలికాం సర్కిల్, కాబట్టి విజయవాడ నంబరును హైదరాబాద్‌లో పోర్ట్ చేసుకున్నా మూడు రోజుల లెక్కే.

పేరు మార్పు దరఖాస్తు నడుస్తుండగా కోడ్ రాదన్నానే, రెండు ముడులూ ఒకేసారి విప్పనివ్వని నియమం అదే. రెండూ కలిపి జరగనిస్తే పాత కంపెనీ దగ్గర పాత యజమాని, కొత్త కంపెనీ దగ్గర కొత్త యజమాని ఉంటారు. మధ్యలో ఒప్పుకోలు ఎవరు ఇచ్చారో చూసిన కన్ను ఒక్కటీ ఉండదు. 2024 జులై 1 నుంచి ఇదే ఆలోచనతో మరో కుట్టు వేశారు: సిమ్ మార్చుకున్న ఏడు రోజుల లోపు కోడ్ ఇవ్వరు. ఎవరైనా మోసంతో డూప్లికేట్ సిమ్ సంపాదించినా, వెంటనే దాన్ని మరో కంపెనీకి తరలించుకుపోయే దారి మూసుకుపోయింది. ఏడు రోజుల్లో అసలు మనిషికి ఫోన్ మూగబోయిన సంగతి తెలుస్తుంది, ఫిర్యాదు చేసే వ్యవధి దొరుకుతుంది.

పేరు మార్పు విషయానికొస్తే, అది పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మారడం లాంటిదే. చేను కదలదు, కాగితం మారుతుంది. టెలికాం శాఖ నియమం ప్రకారం రక్తసంబంధీకులకో, చట్టబద్ధ వారసులకో మార్చుకోవచ్చు. ఇచ్చేవాళ్ల నిరభ్యంతర పత్రం ఉండాలి, తీసుకునేవాళ్లు కొత్త ఖాతాదారులాగే కేవైసీ మొదటినుంచీ పూర్తిచేయాలి. ఇచ్చేవాళ్లు చనిపోయి ఉంటే ఆ పత్రం వారసులు ఇవ్వాలి. ఆఫీసు నంబరుదీ ఇదే సూత్రం. సంస్థ అధికార పత్రం లేకుండా అది పోర్ట్ కాదు, సిమ్ ఉద్యోగి జేబులో ఎన్నేళ్లున్నా సరే.

సూత్రం చక్కనిదే. ఆచరణలో మాత్రం పేరు మార్పుకు పోర్టింగ్‌కున్న నునుపు రాలేదు. అక్కడ ఒక కోడ్ ఉంది, గడువు ఉంది, మధ్యవర్తి సంస్థ ఉంది. ఇక్కడ కౌంటర్‌లో కూర్చున్నవాళ్ల అవగాహన మీద చాలా ఆధారపడాల్సి వస్తోంది. తండ్రి పోయిన దుఃఖంలో కాగితాలు పట్టుకుని వచ్చిన మనిషికి ఒక్కసారిలో పని కావాలి. దేశమంతటికీ ఒకే నంబరుకు పంపే సందేశంతో పోర్టింగ్‌ను మొదలుపెట్టించగలిగినవాళ్లకు దీన్నీ అలా తీర్చిదిద్దడం అసాధ్యం కాదు. ట్రాయ్, టెలికాం శాఖ ఆ పని పూర్తిచేయాలి.

అంతవరకూ మన చేతిలో ఉన్నది మనం చేసుకుందాం. టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరుమీద ఎన్ని నంబర్లున్నాయో కనబడుతుంది. ఇంట్లో పెద్దల పేరుమీదున్నవీ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మార్చాల్సినవి వాళ్లు ఉండగానే, వాళ్ల సంతకంతోనే మార్చుకోండి. ముందు పేరు, అది పూర్తయ్యాకే పోర్టింగ్. పేరు మారేదాకా రీఛార్జి ఆపకండి. రీఛార్జి లేక రద్దయిన నంబరును 90 రోజులు దాటాక మరొకరికి ఇచ్చే వీలుంది. పేరు మారినంత మాత్రాన బ్యాంకులో, ఆధార్‌లో ఉన్న నంబరు దానంతటది మారదు. నాన్న ఖాతా ఓటీపీలు కూతురి ఫోన్‌కే వస్తుంటాయి. అక్కడికీ వెళ్లి విడిగా మార్పించండి.