రాగం పేరు ఏరి ఇచ్చే గ్రెప్

తాళ్ళపాక అన్నమయ్య రాగిరేకుల్లో కీర్తనకు రాగం పేరుంది, స్వరం లేదు. కాబట్టి పాడేవాళ్ళకైనా, కడపలో పరిశోధన చేసే విద్యార్థికైనా ఆ పేరే ఆధారం. కీర్తనలన్నీ టైపు చేసి, ఒక్కోదాని పైన 'రాగం:' అని వరస పెట్టుకున్నారనుకుందాం. ఏ రాగంలో ఎన్నున్నాయో తేల్చడానికి లినక్స్‌లో గ్రెప్ అనే వెతికే ఆదేశం చాలు. ఉత్త గ్రెప్ వరసంతా తెచ్చి పడేస్తుంది. మైనస్ ఓ అంటే సరిపోలిన ముక్కే ఇస్తుంది. మైనస్ క్యాపిటల్ పి కూడా చేర్చి, 'రాగం:' పక్కన బ్యాక్‌స్లాష్, క్యాపిటల్ కె, ఆపైన చుక్క, నక్షత్రం పెట్టామా, శెనక్కాయ వొలిచి విత్తనం చేతిలో పెట్టినట్టే! 'ఇంతదాకా చూసింది వదిలెయ్' అని ఆ కె చెబుతుంది. శంకరాభరణం, ముఖారి, సామంతం మాత్రమే మిగులుతాయి. సెడ్ అనే మరో ఆదేశంతోనూ ఇది అవుతుంది గానీ నాకు ఈ కె మీదే మక్కువ. టైపు చేసినవాళ్ళు కోలన్‌కు అటూ ఇటూ ఖాళీలు వదులుతారు, వదలక మానరు. ఆ రెండు చోట్లా బ్యాక్‌స్లాష్ ఎస్, నక్షత్రం పెడితే వాటినీ మింగేస్తుంది. వచ్చినదాన్ని నిలువు గీతతో సార్ట్‌కు, అక్కణ్ణుంచి లెక్కపెట్టే యూనిక్ మైనస్ సికి అందించాలి. సార్ట్ ముందుండాల్సిందే, యూనిక్ పక్కపక్కనున్న వరసల్నే కలుపుతుంది మరి. మూల ఫైల్లో ఒక్క అక్షరం కదలదు. లెక్క అక్కర్లేదు, చోటు తెలిస్తే చాలంటారా? గ్రెప్‌కే మైనస్ ఎన్ చేరిస్తే వరస సంఖ్య చెబుతుంది, సామంతం పాడదలచినవారు నేరుగా ఆ కీర్తన దగ్గరికే పోవచ్చు.