కౌమార గర్భాలు: ఎవరి లెక్క, ఎవరి తప్పు?

"కౌమార గర్భాలు" అనే మాట మేము మొదటిసారి చదివింది యూనివర్సిటీ లైబ్రరీలో. మా వాడలో అట్లా అనరు. "పిల్ల నీళ్లోసుకున్నది" అంటారు. ఆ తర్వాత ఈడెంతని అడుగుతారు. పదహారని తెలిస్తే కాసేపు ఎవరూ మాట్లాడరు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15-19 ఏండ్ల వాళ్లలో తల్లులైనవాళ్లను, కడుపుతో ఉన్నవాళ్లను కలిపి లెక్కిస్తుంది. 2019-21లో దేశం మొత్తం మీద వీళ్లు నూటికి 6.8. ఆంధ్రప్రదేశ్‌లో 12.6, తెలంగాణలో 5.8. అంతకుముందు, 2015-16లో, ఆంధ్ర 11.8, తెలంగాణ 10.6. ఈ అంకెలు పట్టుకుని ఒక ప్రభుత్వాన్ని పొగిడి ఇంకో ప్రభుత్వాన్ని తిట్టడం మా పని కాదు. మా పేచీ లెక్కపెట్టే తీరుతోనే. పెండ్లీడు దాటిన 19 ఏండ్ల ఆమెనూ, బడి మానిన 15 ఏండ్ల పిల్లనూ ఒకే గంపలో వేశారు. 14 ఏండ్ల పిల్ల ఆ గంపలోనే లేదు. సర్వే మొదలయ్యేదే 15 నుంచి.

ఇక కారణాలు. "అవగాహన లేమి", "సంప్రదాయం" అని రాస్తారు. మన అమ్మలకు అవగాహన లేకనా? పత్తి ఏరబోయే తల్లి ఈడొచ్చిన బిడ్డను ఇంట్లో ఒక్కదాన్నే వదిలిపోవాలి. వెంట తీసుకుపోతే ఆ చేను ఎవరిదో, ఆసామి కొడుకు చూపు ఎట్లాంటిదో ఆమెకు ఎరుకే. ఊరి బడి పదితో సరి, కాలేజీకి బస్సెక్కి పోవాలి. 2004లో వచ్చిన కస్తూర్బా విద్యాలయాలు కూడా మొదట్లో ఎనిమిదో తరగతి దాకానే. అప్పుడు ఆ తల్లికి పెండ్లి ఒక కాపలాగా కనబడుతుంది. దీన్ని సంప్రదాయం అనడం అగ్రవర్ణ పండితులకే చెల్లింది. మా దగ్గర చాలాసార్లు ముందు బడి ఆగుతుంది, తర్వాత పెండ్లి, ఆ తర్వాత కడుపు. గర్భం వల్లే చదువు ఆగిందని రాసేవాళ్లు కథను చివర నుంచి మొదలుపెడుతున్నారు.

శరీరం సంగతి దాచేదేమీ లేదు. అదే సర్వేలో 15-19 ఏండ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత. ఆ ఒంటితో కాన్పంటే బీపీ పెరగడం, ఫిట్స్, బరువు తక్కువ బిడ్డ. అట్లాంటప్పుడు సాయం ముందు అందాల్సింది ఈ పిల్లకే కదా! 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన మా రాష్ట్రం లాంటి చోట్ల 19 నిండినవాళ్లకే డబ్బిచ్చింది. ఆ షరతు 2013లో గాని పోలేదు. 2010 నాటి ఇందిరాగాంధీ మాతృత్వ సహయోగ్ యోజనదీ అదే షరతు. దాని తర్వాత వచ్చిన మాతృ వందనలో కూడా 18 నిండని తల్లికి చోటు లేదు. పాలు, గుడ్ల పైసలు ఆపితే బాల్యవివాహాలు ఆగుతాయని అనుకున్నారు కాబోలు.

2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు పిల్ల గర్భంతో వస్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. గర్భం తీయించుకోవాలనుకునే మైనరు పేరు బయటపెట్టనక్కర లేదని 2022లో సుప్రీంకోర్టు అన్నది. కని పెంచుకునే పిల్ల సంగతి అట్లనే ఉన్నది. కేసంటే భయం. అందుకే చీటీ రాసే కిటికీ దగ్గరే ఈడు పెరిగిపోతుంది. కాగితం మీద 19 పడ్డాక ఆమె ప్రమాదపు కాన్పుల వరుసలోకి రాదు.

ఈ మాట మేము ఎక్కడో విని రాయడం లేదు. 2015లో మా చిన్నమ్మ బిడ్డను కాన్పుకు తీసుకుపోయినప్పుడు మేము పీజీ చదువుతున్నాం. మా ఇంట్లో ఇంగ్లీషు ఫారం నింపగలిగింది మేమే. చెల్లెకు అప్పుడు పదిహేడు. "వయసెంత?" అని నర్సమ్మ అడిగితే, పందొమ్మిదని చెప్పింది మేమే.