తాడు బిగువు తెలిసిన చేతులు

22-ఆర్‌బీ ఎక్స్‌కవేటర్ క్యాబిన్‌లో ఆపరేటర్ చేతులకీ కాళ్లకీ ఒకేసారి పని ఉండేది. ఎదురుగా వరసగా పొడుగాటి లీవర్లు, పాదాల కింద బ్రేక్ పెడళ్లు, వెనకాల దడదడలాడే డీజిల్ ఇంజిన్. లీవర్ లాగితే క్లచ్ పట్టుకుని డ్రమ్ము తిరుగుతుంది. డ్రమ్ముకు చుట్టిన ఇనుప తాడు బకెట్‌ని పైకి లేపుతుంది. లీవర్ వదిలేసినంత మాత్రాన బకెట్ గాల్లో ఆగిపోదు. ఆ క్షణానికి కాలు బ్రేక్ మీద పడకపోతే ధబ్బుమని కిందికొస్తుంది. పట్టి ఉంచడానికి హైడ్రాలిక్ నూనె లేదు, తప్పు చేస్తే హెచ్చరించే దీపం లేదు. బరువు ఎంతుందో తాడు చెప్పాలి, ఆ మాట చేతికి తెలియాలి. 1950లు, 60లలో వేల్స్ కొండల్లో బొగ్గు తవ్విన చోట, ఆనకట్ట కట్టిన చోట, రోడ్డు వేసిన చోట ఇలాంటి యంత్రాలే కనిపించేవి. ఆ కాలపు మనుషులు ఈనాటికీ వాటిని పేరు పెట్టి తలుచుకుంటారు.

నిజానికి వీటిలో చాలావాటి పుట్టిల్లు వేల్స్ కాదు. 22-ఆర్‌బీని తయారుచేసింది ఇంగ్లండ్‌లోని లింకన్ పట్టణంలో ఉన్న రస్టన్-బ్యూసైరస్. బ్రిటన్ కంపెనీ రస్టన్ అండ్ హార్న్స్‌బీ, అమెరికా కంపెనీ బ్యూసైరస్-ఈరీ కలిసి 1930లో పెట్టిన సంస్థ అది. 10, 19, 22, 38, 54 అంటూ దాని యంత్రాలకు అంకెలే పేర్లు. హల్ నగరంలోని ప్రీస్ట్‌మన్ వాళ్లకు జంతువుల మీద మక్కువ. కబ్, వుల్ఫ్, టైగర్, పాంథర్, లయన్ అని వరసగా పెట్టుకుంటూ పోయారు. కాంట్రాక్టర్లు 22-ఆర్‌బీని ఇష్టపడటానికి అసలు కారణం దాని ముందుభాగం మార్చుకునే వీలు. ఇవాళ ఫేస్ షవల్ తగిలిస్తే కొండచరియను కింది నుంచి పైకి గీరుతుంది. అది విప్పి పొడుగు బూమ్, డ్రాగ్‌లైన్ బకెట్ తగిలిస్తే తాను నిలబడ్డ నేలకంటే లోతున ఉన్న మట్టిని లాగుతుంది. గ్రాబ్ పెడితే గుంటలోంచి ఇసుక తోడుతుంది, కొక్కెం వేలాడదీస్తే క్రేన్ అవుతుంది. ఒక్క యంత్రం కొంటే నాలుగైదు యంత్రాల పని.

వీటన్నిటిలో డ్రాగ్‌లైన్‌దే అసలు విద్య. దాని బకెట్‌కి రెండు తాళ్లు. బూమ్ కొస నుంచి వేలాడేది హాయిస్ట్ తాడు, యంత్రం వైపు లాగేది డ్రాగ్ తాడు. బకెట్‌ని ముందు దగ్గరికి లాక్కుని, యంత్రాన్ని తిప్పుతూ సరైన క్షణంలో డ్రాగ్ బ్రేక్ వదులుతారు. బకెట్ ఊగి ముందుకు దూసుకుపోతుంది. అది ఊపు చివరికి చేరేసరికి హాయిస్ట్ బ్రేక్ కూడా వదిలితే బూమ్ కొస దాటి అవతల పడుతుంది. గోదావరిలో వల విసిరేవాడి మణికట్టు ఒడుపు గుర్తుకొస్తుంది, కాకపోతే ఇక్కడ వల బరువైన ఉక్కు బకెట్. ఆ తర్వాత డ్రాగ్ తాడు లాగుతుంటే పళ్లు మట్టిలో దిగుతాయి. హాయిస్ట్ తాడు కాస్త బిగిస్తే పళ్లు పైకి తేలతాయి, సడలిస్తే లోతుకు దిగుతాయి. నిండిన బకెట్‌ని లేపేటప్పుడు డ్రాగ్ తాడు బొత్తిగా వదలకూడదు, కొంచెం బిగువు ఉంచాలి. ఆ బిగువు పోతే బకెట్ మూతి కిందికి వాలి, తెచ్చిన మట్టంతా దారిలోనే ఒలికిపోతుంది. కుప్ప మీదికి చేరాక ఆ బిగువునే కావాలని వదలడం, అంతే, బకెట్ ఖాళీ.

దీనికి తోడు వేల్స్ వాన. క్లచ్, బ్రేకుల్లో ఉండేది రాపిడి లైనింగే కాబట్టి రాత్రంతా తేమ తాగిన యంత్రం పొద్దున్నే ఒకలా, మధ్యాహ్నం వేడెక్కాక మరోలా పట్టుకుంటుంది. తెలిసిన ఆపరేటర్ ఖాళీ బకెట్‌ని కాసేపు ఎత్తి దించి, లైనింగులు ఆరాకే అసలు పని మొదలుపెట్టేవాడు.

బ్రిటన్‌లో ఓపెన్‌కాస్ట్ బొగ్గు తవ్వకం పెద్దఎత్తున మొదలైంది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 నుంచి. మన సింగరేణిలో ఓబీ అని పిలుచుకునే పైమట్టి, రాయి తొలగిస్తేనే కింద బొగ్గు పొర కనిపిస్తుంది. ఆ పైమట్టి పెరిగేకొద్దీ 22-ఆర్‌బీ లాంటివి చాలలేదు. దక్షిణ వేల్స్‌లో గ్లిన్‌నీత్ దగ్గరి మైస్‌గ్విన్ గనికి 1960ల తొలినాళ్లలో ఇప్స్‌విచ్ కంపెనీ రాన్సమ్స్ అండ్ రేపియర్ తయారుచేసిన డబ్ల్యూ1800 అనే మహాకాయం వచ్చింది. ఇది నడిచే డ్రాగ్‌లైన్. చక్రాలూ లేవు, చైన్లూ లేవు. పని చేసేటప్పుడు గుండ్రటి పళ్లెం లాంటి అడుగుభాగం మీద కూర్చుంటుంది. కదలాల్సి వస్తే రెండు పక్కలా ఉన్న ఉక్కు పాదాలు దిగి, మొత్తం శరీరాన్ని కాస్త లేపి, ఒక అడుగు జరిపి దించుతాయి. అదీ వెనక్కే, బూమ్‌కి వ్యతిరేక దిశలో. వెయ్యి టన్నులు దాటిన బరువు మెత్తటి నేలలో కూరుకుపోకుండా ఉండాలంటే అంతకంటే మంచి ఉపాయం ఎవరికీ తట్టలేదు.

అలాంటిదే ఇంకొకటి పాంటిపూల్ దగ్గరి టిర్‌పెంట్విస్‌లో పనిచేసింది. అమెరికాలో తయారైన బ్యూసైరస్-ఈరీ 1150. దాని మోటార్లు అమెరికా పద్ధతిలో 60 హెర్ట్జ్ కరెంటుకు కట్టినవి, బ్రిటన్ కరెంటేమో 50 హెర్ట్జ్. ఆ తేడా వల్లే దానికి ‘ఆడ్‌బాల్’ అన్న ముద్దుపేరు వచ్చింది. తర్వాత ఇంగ్లండ్‌లో లీడ్స్ పక్కన సెయింట్ ఐడన్స్ గనికి తరలిపోయి, ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది. గని మూతపడి పక్షుల రక్షిత ప్రాంతమైంది. కొంగల్ని చూడటానికి వచ్చినవాళ్లు దాన్నీ చూసి వెళుతుంటారు.

తవ్వినదాన్ని మోసుకుపోయేవాటి కథ వేరు. చెషైర్ కౌంటీ శాండ్‌బాచ్‌లోని ఫోడెన్, ఈఆర్‌ఎఫ్, లండన్ శివారులోని ఏఈసీ, వాట్‌ఫర్డ్‌లోని స్కామెల్, ఇవి రోజూ వినిపించే పేర్లు. 1950ల రెండో సగంలో ఎనిమిది చక్రాల టిప్పర్ మొత్తం బరువు 24 టన్నులు, దాన్ని లాగే గార్డ్‌నర్ 6ఎల్‌డబ్ల్యూ ఇంజిన్ శక్తి 112 హార్స్‌పవర్. నేటి ఓ మామూలు కారుకి కూడా అంత శక్తి ఉంటుంది. 1957 దాకా భారీ లారీల వేగ పరిమితి గంటకు 20 మైళ్లే. చట్టం అడ్డుపడకపోయినా ఎత్తు ఎక్కేటప్పుడు అంతకంటే ఎక్కువ వేగం వచ్చేది కాదు. గేర్లలో సింక్రోమెష్ లేదు కాబట్టి గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజిన్ వేగాన్ని చెవితోనే సరిచూసుకోవాలి. దిగుడులో పట్టు తప్పిందా, బండి డ్రైవర్ మాట వినదు. అందుకే ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలన్నది లోయల్లో అందరూ పాటించిన నియమం. 1948లో ఫోడెన్ తెచ్చిన టూ-స్ట్రోక్ ఇంజిన్‌ది మరో తీరు. నాలుగు లీటర్ల చిన్న ఇంజిన్, 126 హార్స్‌పవర్, గుర్తుండిపోయే కీచు అరుపు. బండి మలుపు తిరగకముందే అది ఫోడెన్ అని ఊరందరికీ తెలిసిపోయేది.

రోడ్డెక్కని డంపర్ల సంగతి చూస్తే, యూక్లిడ్ కంపెనీ 1950 నుంచి స్కాట్లండ్‌లోని మదర్‌వెల్ దగ్గర వాటిని తయారుచేసింది. తడి బంకమన్ను లారీ తొట్టికి అతుక్కుపోయి, ఎత్తినా జారకపోవడం వేల్స్ పనుల్లో రోజువారీ తలనొప్పి. దానికి విరుగుడుగా చాలా డంపర్లలో ఇంజిన్ పొగను గొట్టంలోంచి బయటికి వదలకుండా తొట్టి అడుగున ఉన్న దారుల గుండా పంపేవారు. ఆ వేడికి మట్టి అంచుల్లో ఆరి, తొట్టి ఎత్తగానే జారిపోయేది. వృథాగా పోయే వేడితో చేసిన ఈ ఏర్పాటు ఆనాటి ఇంజినీరింగ్‌లో మెచ్చుకోవలసిన వాటిలో ఒకటి.

లోడ్ చేయడానికీ ఓ మర్యాద ఉంది. లారీని షవల్ ఆపరేటర్ కంటికి కనిపించే పక్కనే నిలపాలి. బకెట్ క్యాబిన్ మీదుగా కాకుండా వెనక నుంచి రావాలి. మొదటి బకెట్‌లో చిన్న మట్టి వేసి పరుపులా పరవాలి, పెద్ద బండలు ఆ తర్వాతే. ఈ క్రమం తెలియని ఆపరేటర్ దగ్గరికి పోవడానికి డ్రైవర్లు జంకేవారు. తొట్టి సొట్టపడితే మాట పడేది వాళ్లే మరి.

ఉత్తర వేల్స్ పలక రాతి క్వారీల్లో లారీలు రైళ్లనే తోసేశాయి. డినోర్విక్ క్వారీ నుంచి రాయి చేరవేసిన పాడార్న్ రైలు 1961లో, బెథెస్డా దగ్గరి పెన్రిన్ క్వారీ రైలు 1962లో ఆగిపోయాయి. డినోర్విక్ క్వారీయే 1969లో మూతపడింది. ఆనకట్టల విషయానికొస్తే, క్లెవెడోగ్ కాంక్రీట్ ఆనకట్ట 72 మీటర్ల ఎత్తుతో 1967లో పూర్తయింది. టవీ నది మీద రాళ్లు, బంకమన్నుతో కట్టిన 91 మీటర్ల లిన్ బ్రియాన్నె ఆనకట్ట 1972లో సిద్ధమైంది. అయితే ఈ జ్ఞాపకాలన్నీ తీపివి కావు. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం త్రెవెరిన్ లోయలో మట్టికట్ట వేసినప్పుడు కాపెల్ కెలిన్ అనే ఊరు 1965లో మునిగిపోయింది. ఆ లోయలోని 67 మందిలో 48 మంది ఇళ్లు పోగొట్టుకున్నారు. ఆ కట్టకు మట్టి మోసిన లారీని ముచ్చటగా చూడటం ఆ ఊరివాళ్లకు సాధ్యమా?

వేల్స్ సొంతంగా కన్న యంత్రం ఒకటుంది, హైమాక్. 1947లో బొగ్గు గనులు జాతీయం కావడంతో గనులు చేజారిన పౌవెల్ డఫ్రిన్ సంస్థ వేరే వ్యాపారాల వైపు తిరిగింది. రమ్నీలో దానికున్న ఇంజినీరింగ్ ఫ్యాక్టరీ అమెరికా డిజైన్ ఆధారంగా 1960లలో హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్లు తయారుచేయడం మొదలుపెట్టింది. పసుపు రంగు హైమాక్ 580 బ్రిటన్ అంతటా పాకిపోయింది. మన దగ్గర పొక్లెయిన్ ఎలాగో అక్కడ అది అలాగ. తాడు లేదు, డ్రమ్ము లేదు, లీవర్ వదిలితే బకెట్ ఉన్నచోటే ఉంటుంది. తాడు యంత్రానికి ఏళ్లు పట్టే విద్య దీనికి నెలల్లో వచ్చేసింది. పాత ఆపరేటర్లు దీన్ని చిన్నచూపు చూసినా, కందకం తవ్వడంలో, అంచు నున్నగా తీయడంలో తాడు దీనికి సాటి రాదు. హైమాక్ తర్వాత జర్మనీకి చెందిన ఐబీహెచ్ గ్రూపు చేతికి పోయింది. 1983లో ఆ గ్రూపు కూలిపోయింది.

యంత్రాలు పోసిన గుట్టల కథా చెప్పుకోవాలి. 1966 అక్టోబర్ 21న మెర్థిర్ దగ్గరి అబర్‌వాన్‌లో గని చెత్త గుట్ట జారి బడి మీద పడింది. చనిపోయిన 144 మందిలో 116 మంది పిల్లలు. మిగిలిన గుట్టల్ని తొలగించాలని ఊరు అడిగితే, బాధితుల కోసం ప్రజలిచ్చిన నిధి నుంచే ప్రభుత్వం 1,50,000 పౌండ్లు తీసుకుంది. ఆ డబ్బు 1997లో తిరిగొచ్చింది, వడ్డీ లేకుండా. ఆ దుర్ఘటన తర్వాతి దశాబ్దాల్లో దక్షిణ లోయల గుట్టల్ని చదును చేసి పచ్చిక పెంచిన పనిలోనూ ఈ ఎక్స్‌కవేటర్లు, టిప్పర్లే దిగాయి. గుట్టలు పోసినవీ యంత్రాలే, తీసినవీ యంత్రాలే.

వీటిని కాపాడేవాళ్లు ఇప్పుడు వేల్స్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ ఉన్నారు. కంబ్రియాలోని త్రెల్కెల్డ్ క్వారీ మ్యూజియంలో పాత తాడు యంత్రాలు ప్రదర్శన రోజుల్లో నిజంగానే రాయి తవ్వుతాయి. రంగు పూసి దిమ్మె మీద నిలబెట్టడం కంటే ఇదే మేలు, ఎందుకంటే దాచుకోదగ్గది ఇనుము కంటే దాన్ని నడిపే ఒడుపు. ఆ ఒడుపుకీ చిక్కులున్నాయి. పాత బ్రేక్, క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, బ్రిటన్ 1999లో దాన్ని పూర్తిగా నిషేధించింది. బదులుగా వేసే కొత్త లైనింగుల పట్టు వేరు. అందుకని నలభై ఏళ్లు అదే మోడల్ నడిపిన చెయ్యి కూడా, మరమ్మతు చేసిన యంత్రం ఎక్కితే, మొదటి పూట బకెట్‌ని నేలకు దగ్గరగానే తిప్పుతూ కొత్త పట్టును అలవాటు చేసుకోవాల్సి వస్తుంది.